పక్క సీటు కుర్రవాడు

క్రిందటి నెలలో ఒక శుక్రవారం మంగాఫ్‌లో మిత్రుల ఇంట భోజనాలయ్యాయి. మజ్జిగ గ్లాసులు ఇంకా చేతుల్లో ఉండగానే మాట విమానాల మీదికి మళ్ళింది. వేసవి సెలవులు దగ్గర పడ్డాయంటే మన ఇళ్ళలో ఇది మామూలే. ఎవరికి టికెట్టు ఎంతకి దొరికింది, ఎవరి కంపెనీ ఎన్ని కిలోల సామాను ఒప్పుకుంటుంది, ఆవకాయ జాడీకి కస్టమ్సు వాళ్ళు ఏమన్నారు, ఇవీ కబుర్లు. ఈసారి మాత్రం ఒక సోదరి వేరే మాట అన్నది.

"పోయినసారి హైదరాబాదులో దిగేటప్పుడు ముందు తలుపు తీసి ఉంటే లోపలికి చూశానండీ అన్నయ్యగారూ. కుడివైపు సీట్లో కూర్చున్న పిల్లవాడికి మీసకట్టు కూడా సరిగా రాలేదు. మా పెద్దవాడికి కారు తాళాలు ఇవ్వాలంటేనే మాకు గుండె దడ. నూట ఎనభై మంది ప్రాణాలు ఆ పిల్లవాడి చేతుల్లో ఎలా పెట్టారండీ?"

అందరం నవ్వాం గాని ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. 2025 జూన్‌లో అహమ్మదాబాదు ఘోరం జరిగిన తరువాత మన ఆడవాళ్ళు విమానం ఎక్కేముందు దేవుడికి దణ్ణం కాస్త ఎక్కువసేపే పెడుతున్నారు. (అక్కడి కెప్టెన్‌కి పదిహేను వేల గంటల పైచిలుకు అనుభవం ఉంది. ఆ ప్రమాద కారణాల జోలికి మాత్రం నేను వెళ్ళను.) ఆమె ప్రశ్నకు ఈ శీర్షికలో జవాబు రాస్తానని అక్కడే మాటిచ్చాను. ఇచ్చాక గాని తెలియలేదు, అది అంత తేలిక పని కాదని.

ముందుగా ఒక మనవి. నేను పైలట్‌ని కాను. ముప్పై ఏళ్ళుగా పంపులు, కంప్రెసర్లు చూసుకుంటూ వచ్చిన మెకానికల్ ఇంజనీరుని. అయితే మా అక్కయ్య కొడుకు కిందటేడాదే ఒక కంపెనీలో కో-పైలట్‌గా చేరాడు. మీసకట్టు సరిగా రాని జాబితాలో వాడూ ఉన్నాడు. కనుక నేను ఒక పక్షంవాణ్ణే. నా మాటలను ఆ మేరకు తగ్గించి చదువుకోండి.

సోదరి భయం ఉత్తది కాదు. మన దేశంలో కమర్షియల్ పైలట్ లైసెన్సుకు కావలసినవి 200 గంటల ఎగురుడు. వారానికి నలభై గంటల లెక్కన చూస్తే మన ఆఫీసు పని ఐదు వారాలు! కొత్తగా చేరిన గుమాస్తాకు ఐదు వారాల్లో ఫైళ్ళ బీరువా ఎటున్నదో కూడా తెలియదు. అయితే లైసెన్సు రాగానే పెద్ద విమానంలో కూర్చోబెట్టరు. ఆ ఫలానా రకం విమానానికి వేరే చదువు, వేరే పరీక్ష ఉంటాయి. సిమ్యులేటరు అనే నకలు యంత్రంలో ఇంజన్లు ఆపేసి, మంటలు పెట్టి, పొగమంచు కప్పి నానా హింసలు పెడతారు. తరువాత శిక్షణ ఇచ్చే కెప్టెన్ల పక్కన కూర్చుని ప్రయాణికులతో నడపాలి. మొదటి రోజుల్లో అనుభవమున్న మరో పైలట్ వెనుక సీట్లో కూర్చుంటాడు. కెప్టెన్ సీటు సంగతి వేరు. దానికి కావలసిన పెద్ద లైసెన్సుకే కనీసం 1,500 గంటలు ఉండాలి.

అమెరికాలో కో-పైలట్‌కి కూడా ఆ 1,500 గంటలు ఉండాలన్నారు. 2009 ఫిబ్రవరిలో బఫెలో నగరం దగ్గర కోల్గన్ అనే కంపెనీ విమానం ఒక ఇంటి మీద పడి యాభై మంది పోయారు. పోయినవాళ్ళ కుటుంబాలు పట్టు వదలకుండా వాషింగ్టన్ చుట్టూ తిరిగి చట్టం తెప్పించుకున్నాయి. 2013 నుంచి అది అమలులోకి వచ్చింది. చిత్రమేమిటంటే, కూలిన ఆ విమానంలో ఇద్దరు పైలట్లకూ 1,500 గంటలకు మించిన అనుభవమే ఉంది! కెప్టెన్‌కి మూడు వేల పైన, కో-పైలట్‌కి రెండు వేల పైన. ఆ చట్టం అప్పటికే ఉండి ఉన్నా వాళ్ళిద్దరినీ ఆపేది కాదు.

గంటలు చూసి తీర్పు చెప్పడంలో ఇంకో చిక్కుంది. 2019 మార్చిలో ఇథియోపియా విమానం కూలి 157 మంది చనిపోయినప్పుడు, కో-పైలట్‌కి నాలుగు వందల గంటలు కూడా లేవని తెలిసింది. ఇంకేముంది, తప్పంతా ఆ కుర్రవాడిదే అన్నవాళ్ళు చాలామంది. దానికి ఐదు నెలల ముందు ఇండొనేషియాలో అదే రకం బోయింగు, అదే విధంగా సముద్రంలో పడి 189 మంది పోయారు. అక్కడ పైలట్లు ఇద్దరికీ ఐదు వేల గంటలు దాటాయి. రెండుచోట్లా విమానం ముక్కును తనంతట తానే కిందికి నొక్కిన ఒక యంత్రాంగం ఉంది. దాని గురించి పైలట్లకు మొదట చెప్పనే లేదు. తప్పు కుర్రవాడి మీదికి తోసేయడం పెద్ద కంపెనీలకు కూడా సుళువే.

ఇంతకీ గంట అంటే ఏమిటి? అరేబియా సముద్రం మీద ముప్పై ఆరు వేల అడుగుల ఎత్తున, ఆటోపైలట్ నడుపుతుంటే కాఫీ తాగుతూ కూర్చున్నదీ గంటే. ఆషాఢమాసపు వానలో కొండ మీది రన్‌వే వెతుక్కుంటూ దిగినదీ గంటే. లెక్కల పుస్తకంలో రెండింటికీ ఒకే విలువ. పైగా ఆ పుస్తకం నమ్మదగినదేనా అని అనుమానించవలసిన రోజులు కూడా వచ్చాయి. 2011లో మన దేశంలో దొంగ మార్కుల కాగితాలతో లైసెన్సు తెచ్చుకున్న పైలట్లు కొందరు పట్టుబడ్డారు. రాజస్థాన్‌లో ఒక శిక్షణ సంస్థలో ఎగరకుండానే గంటలు రాసిచ్చిన వైనం బయటపడింది. ఎగిరిన 200 గంటలకు భయపడటం వేరు, ఎగరని 200 గంటలకు భయపడటం వేరు. రెండోదానికి నేనూ భయపడతాను.

ఇక మనకు దగ్గరి కథకు వస్తాను. పాతవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. 2000 ఆగస్టు 23 రాత్రి కైరో నుంచి బహ్రెయిన్ వస్తున్న గల్ఫ్ ఎయిర్ విమానం రన్‌వేకి కూతవేటు దూరంలో సముద్రంలో పడింది. 143 మందిలో ఒక్కరూ మిగలలేదు. పిల్లలే ముప్పై ఆరుగురు. ఆ రోజుల్లో మనలో సగం మంది బహ్రెయిన్‌లో విమానం మారి ఇంటికి పోయినవాళ్ళమే.

ఆ విమానం కెప్టెన్‌కి మొత్తం నాలుగు వేల పైచిలుకు గంటలున్నా, కెప్టెన్‌గా నడిపినవి 86 గంటలే. పక్కన కూర్చున్న కో-పైలట్‌కి పాతికేళ్ళు, అన్నీ కలిపి 600 గంటలు. విమానం కావలసినదానికన్నా వేగంగా వచ్చింది. అలాంటప్పుడు దిగడం మానుకుని పైకి లేచి చుట్టూ తిరిగి రావాలి. దానికి బదులు కెప్టెన్ తక్కువ ఎత్తులో అక్కడికక్కడే ఒక చుట్టు తిప్పాడు. అది కుదరలేదు. అప్పుడు ఇంజన్లు పెంచి పైకి లేవబోయాడు. ఎదురుగా చీకటి, కింద నీళ్ళు, ఎక్కడా ఒక దీపం లేదు. కారు ఒక్కసారిగా వేగం అందుకుంటే వీపు సీటుకు అతుక్కుని మనం వెనక్కి వాలినట్టు అనిపిస్తుంది గదా. చీకట్లో అదే అనుభూతి విమానం ముక్కు బాగా పైకి లేచిందని భ్రమ పుట్టిస్తుంది. కెప్టెన్ ముక్కును కిందికి నొక్కాడు. నేల దగ్గరపడుతోందని యంత్రం కేకలు పెట్టింది. పక్కనున్న కుర్రవాడు మాత్రం 'కెప్టెన్, కిందికి పోతున్నాం' అని గట్టిగా చెప్పలేదు. దర్యాప్తు నివేదికలో ఆ మౌనం కూడా ఒక కారణంగా నమోదయింది.

ఇక్కడ అనుభవం చాలలేదన్న మాట నిజమే. అయితే ఒకరికి కాదు, ఇద్దరికీ ఒకేసారి చాలలేదు. అమెరికాలో డెన్వర్‌లో 1987 నవంబరులో మంచు తుఫానులో జరిగిన ప్రమాదంలోనూ అంతే. కో-పైలట్‌కి ఆ రకం విమానం మీద 36 గంటలు, కెప్టెన్‌కి దాని కెప్టెన్‌గా 33 గంటలు. ఇరవై ఎనిమిది మంది పోయారు. ఇద్దరు కొత్తవాళ్ళను ఒకే కాక్‌పిట్‌లో కూర్చోబెట్టరాదన్న నియమం అక్కడ అలాంటి దెబ్బల వల్లనే వచ్చింది. అత్తా కోడలూ ఇద్దరూ వంటకు కొత్తయితే పెళ్ళివారు పస్తే. కొత్త కోడలు ఒక్కతే అయితే ఇల్లు గడుస్తుంది.

అయితే తలపండినవాడు పక్కనుంటే గండం గడిచినట్టేనా? ఈ ప్రశ్న దగ్గరే నాకు నిద్ర పట్టలేదు.

2010 మే 22. దుబాయి నుంచి మంగళూరు వచ్చిన విమానం. అందులో ఉన్నవాళ్ళు మనలాగే ఊరికి సెలవు మీద పోతున్నవాళ్ళు, చావుకో పెళ్ళికో బయల్దేరినవాళ్ళు. కెప్టెన్‌కి పది వేల గంటలు దాటిన అనుభవం. కో-పైలట్‌కి సుమారు మూడు వేల ఆరు వందలు. కెప్టెన్ దారిలో దాదాపు గంటా నలభై నిమిషాలు నిద్రపోయాడు. గురక కూడా రికార్డయింది. నిద్ర మబ్బు వదలకుండానే దింపడం మొదలుపెట్టాడు. విమానం ఉండవలసినదానికి రెట్టింపు ఎత్తులో ఉంది. కో-పైలట్ మూడుసార్లు 'గో ఎరౌండ్' అన్నాడు, అంటే దిగవద్దు, మళ్ళీ పైకి పోదామని. కెప్టెన్ వినలేదు. ఎనిమిది వేల అడుగుల రన్‌వేలో ఐదు వేలకు పైగా దాటాక చక్రాలు నేలకు తగిలాయి. రన్‌వే మిగల్లేదని కో-పైలట్ అన్న మాట కూడా రికార్డులో ఉంది. 166 మందిలో 158 మంది ఆ లోయలో కాలిపోయారు.

చూశారా, ఆ రోజు తక్కువ అనుభవం ఉన్నవాడే సరిగ్గా చెప్పాడు. మూడుసార్లు చెప్పాడు. చెప్పడం వరకే అతనికి చేతనయింది.

పదేళ్ళ తరువాత, 2020 ఆగస్టు 7న కోళిక్కోడ్‌లో మళ్ళీ అదే కథ. కరోనా రోజుల్లో దుబాయిలో చిక్కుకున్నవాళ్ళను ఇంటికి చేరుస్తున్న విమానం, 190 మంది. కెప్టెన్ వాయుసేనలో పనిచేసివచ్చిన పెద్దమనిషి, పది వేల గంటలు దాటినవాడు. కో-పైలట్‌కి రెండు వేలలోపు. వానలో, వెనుక గాలిలో, దాదాపు సగం రన్‌వే దాటాక దిగింది. పైలట్లిద్దరితో కలిపి 21 మంది పోయారు. కో-పైలట్ 'గో ఎరౌండ్' అన్నా కెప్టెన్ పాటించలేదనీ, అప్పుడు కో-పైలట్ తానే కంట్రోలు తీసుకోవలసిందనీ నివేదిక చెప్పింది.

అంతకుముందు, 1977లో టెనెరిఫ్ దీవిలో రెండు జంబో జెట్లు రన్‌వే మీద ఢీకొని 583 మంది పోయినప్పుడు, తప్పు చేసిన డచ్చి కెప్టెన్ ఆ కంపెనీలో మిగతా పైలట్లకు పాఠం చెప్పేవాడు. కంపెనీ ప్రకటనల్లో ఆయన ఫొటోయే వేసేవారు. ఎదుటి విమానం ఇంకా రన్‌వే మీదే ఉన్నదేమో అని వెనుక కూర్చున్న ఇంజనీరు అడిగాడు. లేదని కెప్టెన్ తోసిపుచ్చాడు. మళ్ళీ అడిగే ధైర్యం ఆ కాక్‌పిట్‌లో ఎవరికీ లేకపోయింది.

ఇవి చదువుతుంటే నాకు విమానాలు కాదు, ఒక పంపు జ్ఞాపకం వచ్చింది. ఇప్పటిదాకా మా ఇంట్లో కూడా చెప్పని సంగతి ఇది.

పాతికేళ్ళ పైమాట. ఇక్కడే దక్షిణాన ఒక ప్లాంటులో నేను షిఫ్టు ఇంజనీరుని. షట్‌డౌన్ అయ్యాక రాత్రి రెండు గంటలకు ఒక పెద్ద పంపు నడపాలి. నా కింద కాకినాడ కుర్రవాడొకడు, చేరి ఎనిమిది నెలలు. "సార్, సక్షన్ వాల్వు పూర్తిగా తెరుచుకున్నట్టు లేదండీ, గేజి ముల్లు ఊగుతోంది" అన్నాడు. నేను గేజి వైపు చూడను కూడా చూడలేదు. "నీ సర్వీసెంత, నా సర్వీసెంత? స్టార్ట్ చెయ్" అన్నాను. అతను ఇంకొక్కసారి "సార్..." అని, నా మొహం చూసి ఊరుకున్నాడు. ఇరవై నిమిషాల్లో సీలు పోయింది. వేడినీళ్ళు చిమ్మి పక్కనున్న ఈజిప్టు ఆపరేటరు మోచేయి దాకా బొబ్బలెక్కింది. అతను ఆరు వారాలు పనిలోకి రాలేదు. రిపోర్టు రాసింది నేనే. గేజి లోపం అని రాశాను. కుర్రవాడు ముందే చెప్పాడన్న ముక్క అందులో లేదు. అతను కూడా ఎవరితోనూ అనలేదు. నాలుగు నెలల తరువాత వేరే ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోయాడు. ఎయిర్‌పోర్టుకు పోతూ నాకు నమస్కారం పెట్టే వెళ్ళాడు.

ఆ కుర్రవాడు పిరికివాడు కాదు. బాగా పెరిగినవాడు, అంతే. 'పెద్దల మాట చద్దిమూట' అని మనమే గదా నేర్పేది. అన్నం దగ్గర తాతగారు భారతంలో ఒక పాత్ర పేరు తప్పు చెప్పినా, పిల్లవాడు దిద్దబోతే తల్లి కన్నెర్ర చేస్తుంది. స్కూల్లో మాస్టారుకు ఎదురు చెబితే గోడకుర్చీ. ఆఫీసులో బాసు మాటకు తల ఊపితేనే ఇంక్రిమెంటు. ఇరవై రెండేళ్ళు ఇలా పెంచి, ఆ తరువాత వాణ్ణి కాక్‌పిట్‌లో కూర్చోబెట్టి 'కెప్టెన్ తప్పు చేస్తే మూడు సెకన్లలో గట్టిగా చెప్పు' అంటే ఎక్కడినుంచి వస్తుంది? విమాన కంపెనీలు దీనికోసం వేరే పాఠమే పెట్టాయి. టెనెరిఫ్ వంటి దెబ్బల తరువాత అమెరికాలో 1981లో ఒక పెద్ద కంపెనీ మొదలుపెట్టింది, తరువాత ప్రపంచమంతా పాకింది. చిన్నవాడు ఎలా చెప్పాలో, పెద్దవాడు ఎలా వినాలో, రెండూ అందులో నేర్పుతారు. రెండోదే కష్టమైన పాఠమని నా అనుభవం.

అలాగని గంటలు వద్దని నేననడం లేదు. 1990లో మనవాళ్ళు ఇక్కడినుంచి ఎడారి దాటి అమ్మాన్ చేరి, అక్కడినుంచి లక్షకు పైగా జనం ఎయిర్ ఇండియా విమానాల్లో బొంబాయి చేరారు. ఆ రోజున పైలట్‌కి ఎన్ని గంటలని ఎవరూ అడగలేదు. అడగకపోయినా ఆ సీట్లలో ఉన్న పెద్దల అనుభవమే మనవాళ్ళను ఇల్లు చేర్చింది. ఆ పెద్దలు కూడా ఒకనాడు కుడిచేతి సీటు కుర్రవాళ్ళే. ఎవరో ఒకరు మొదటి సీటు ఇవ్వాలి గదా. ప్రేమ్ మాథుర్ అనే ఆమెకు ఆడదని ఎన్నో కంపెనీలు ఉద్యోగం నిరాకరిస్తే, 1947లో కో-పైలట్ సీటు ఇచ్చింది మన హైదరాబాదు డెక్కన్ ఎయిర్‌వేస్. ఇది కొంచెం పక్కదారే గాని, మన ఊరి సంగతి గనక రాయకుండా ఉండలేకపోయాను.

మొన్న మా మేనల్లుడు నాలుగు రోజుల సెలవు మీద ఇక్కడికి వచ్చాడు. వీడి చదువుకు మా బావగారు రెండెకరాల పొలం అమ్మారు. లైసెన్సు చేతికొచ్చాక మూడేళ్ళు ఉద్యోగం లేక ఇంట్లో కూర్చున్నాడు. రాత్రి భోజనాలయ్యాక అడిగాను: "ఒరేయ్, మీ కెప్టెన్ తప్పు చేస్తుంటే ఏం చేస్తావు?"

"మొదట ఏది తప్పిందో చెబుతాం మావయ్యా. స్పీడైతే స్పీడు, ఎత్తైతే ఎత్తు. వినకపోతే మళ్ళీ గట్టిగా చెబుతాం. అప్పటికీ వినకపోతే 'ఐ హావ్ కంట్రోల్' అని తీసేసుకోవాలి."

"పుస్తకంలో మాట సరే. ఎప్పుడైనా అన్నావా?"

కాసేపు గోంగూర పచ్చడి గిన్నె వైపు చూశాడు. "కంట్రోల్ తీసుకోలేదు. 'గో ఎరౌండ్' మాత్రం ఒకసారి అన్నాను. వాన పడుతోంది, వెనుక గాలి ఎక్కువైంది. కెప్టెన్ గారికి మా నాన్న వయసుంటుంది. నోరెండిపోయింది మావయ్యా. అనగానే ఆయన ఒక్క మాట లేకుండా పైకి లేపేశారు. రెండోసారి బాగా దిగాం. తరువాత టీ తాగిద్దువు రమ్మని ఆయనే తీసుకెళ్ళి, ఆయనే డబ్బులిచ్చారు."

"మరి ప్రయాణికులు?"

"ఇరవై నిమిషాలు ఆలస్యమైందని తిట్టుకుంటూ దిగారు. ఈ కాలం కుర్రాళ్ళకు సరిగా దింపడం కూడా రాదని ఒక పెద్దాయన నా ఎదురుగానే అన్నారు."

ఆ పెద్దాయన మన తెలుగువాడేనా అని నేను అడగలేదు.

మర్నాడు మంగాఫ్ సోదరికి ఫోను చేసి ఇదంతా చెప్పాను. ఆమె టికెట్లు రద్దు చేసుకునే ఆలోచన మానుకున్నది. జూన్ చివర ఇద్దరు పిల్లలతో ప్రయాణం. ఫోను పెట్టేసే ముందు ఒక్క క్షణం ఆగి, "అన్నయ్యగారూ, ఆ అబ్బాయికి పెళ్ళి సంబంధాలు చూస్తున్నారా అండీ? మా ఆడపడుచు కూతురు ఈ ఏడే ఎమ్మెస్సీ పూర్తి చేసింది" అన్నది.